శభాష్ వార్డు

నొప్పికి రూల్సు రాయడానికి మా ఆసుపత్రిలో ఒక కమిటీ వేశారు. ఆపరేషన్ అయిన మనిషికి నొప్పి తగ్గడానికి ఏ మందు, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేస్తున్నారనీ, ఒక వార్డులో మందులు కుమ్మరిస్తుంటే పక్క వార్డులో పేషెంట్లు దుప్పట్లు కొరుక్కుంటున్నారనీ పైనెవరికో తెలిసిందట. ఇకమీదట లోకంలో జరిగిన పరిశోధనలన్నీ చదివి, ఆధారం ఉన్నదే తీసుకుని, ఆసుపత్రంతటికీ ఒకే పద్ధతి రాయమని హుకుం వచ్చింది. కమిటీలో ఐదుగురం. నేను మత్తు డాక్టర్ని కాబట్టి చదివే పని నా నెత్తిన పడింది. మిగతావాళ్లకు బిస్కెట్లు తినే పని పడింది.

అధ్యక్షుడు మా సూపరింటెండెంటు. ఎవరేం చెప్పినా "సరేనండీ" అంటారు కాబట్టి ఆసుపత్రంతా ఆయన్ని సరేనండీగారు అనే పిలుస్తుంది. ఆయన సరేనన్నాక దానికి పూర్తిగా ఎదురు మాట ఇంకొకరు చెప్పినా అంతే మర్యాదగా సరేనంటారు. ఆయన పక్కన పెద్ద సిస్టర్, ఆమె పక్కన మందుల స్టోరు చూసే ఆయన. ఐదో మనిషి ఎముకల సర్జన్. ఆయన నా మొగుడు.

మొగుడూ పెళ్లాలు ఒకే కమిటీలో ఉండొచ్చా అన్న ప్రశ్న మొదటి రోజే వచ్చింది. ఇలాంటి కమిటీల్లో ఎవరికి ఎవరితో లాలూచీ ఉందో ముందే బయటపెట్టాలని నియమం. మా ఆయన లేచి నిలబడి, "ఈవిడ నా భార్య. పెళ్లయినప్పటి నుంచీ ఏ ఒక్క విషయంలోనూ నాతో ఏకీభవించలేదు. కాబట్టి లాలూచీ ఏమీ లేదు" అన్నారు. సరేనండీగారు సరేనన్నారు.

రెండో సమావేశంలో నేను గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ వేసి చూపించాను. ఏ ఆధారానికి ఎంత విలువో చెప్పే నిచ్చెన అది. పై మెట్టు మీద, వేలమంది పేషెంట్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచిన ఫలితాలు. దిగుతూ పోతే అట్టడుగున "అనుభవజ్ఞుల అభిప్రాయం" అని ఉంటుంది. మా ఆయన కళ్లజోడు సవరించుకుని దాని వంక చాలాసేపు చూశారు.

"అంటే నా ఇన్నేళ్ల అనుభవం అట్టడుగునా?"

"అట్టడుగునేనండీ."

"నిన్న గాక మొన్న చదువైపోయి కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు రాసిన కాగితం నా నెత్తి మీదా?"

"ఆ కుర్రాడు వేలమందిని లెక్కేశాడు. మీరు మీకు గుర్తున్నవాళ్లనే లెక్కేశారు."

పెద్ద సిస్టర్ నవ్వాపుకోలేక నోట్లో బిస్కెట్ కుక్కుకుంది.

ఇంతకీ నేను చదివిన పరిశోధనలు చెప్పేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మామూలు నొప్పి మాత్రలు పేషెంటు అడిగినా అడక్కపోయినా వేళకి ఇచ్చేయాలి. వీలైతే కోసిన చోటికి వెళ్లే నరం దగ్గర మత్తు సూది వేయాలి. అలవాటైతే వదలని గట్టి మందులు మాత్రం అవసరం పడ్డప్పుడే, కొంచెమే ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పి ఎంతుందని మనిషి కదలకుండా పడుకున్నప్పుడు కాదు, లేచినప్పుడు, దగ్గినప్పుడు, కాలు వంచినప్పుడు అడగాలి. కట్టెలా పడుంటే ఎవరికైనా నొప్పి తక్కువే ఉంటుంది. కానీ కట్టెలా పడున్నవాళ్ల ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి.

మా ఆయన అంతా విని, "మరి నా వార్డులో ఎవరూ మందే అడగరు కదా. నొప్పి పదికి ఎంతంటే అందరూ సున్నా అంటారు. ఇది ఆధారం కాదా?" అన్నారు.

ఆయన అబద్ధం ఆడలేదు. ఆ వార్డులో నిజంగానే అందరిదీ సున్నా. చిక్కంతా ఆ సున్నా ఎలా వస్తుందన్న దగ్గరే ఉంది. మా ఆయన పొద్దున్నే రౌండ్సుకి వెళ్లి ప్రతి మంచం దగ్గరా ఆగి, "నొప్పికి మందేమైనా అడిగారా?" అంటారు. లేదంటే వార్డంతా వినబడేలా "శభాష్!" అని భుజం తడతారు. అడిగామన్నవాళ్లని పల్లెత్తు మాట అనరు. "పర్లేదులెండి" అని పక్క మంచానికి వెళ్లిపోతారు. ఆ "పర్లేదులెండి" వినడం కన్నా రెండో కాలు కూడా కోయించుకోవడం నయమని ఒక పేషెంటు నాతో అన్నాడు.

అలా, మగవాళ్లదొక వరస, ఆడవాళ్లదొక వరసగా ఉండే ఆ వార్డులో నొప్పి ఓర్చుకోవడం ఒక పందెం అయిపోయింది. కిటికీ పక్క మంచం మీద తుంటి ఆపరేషన్ అయిన ఒక లారీ డ్రైవరుండేవాడు. మీసాలూ, చేతి మీద పచ్చబొట్టూ చూస్తే పులిలా ఉండేవాడు. వచ్చినప్పటి నుంచీ ఒక్క మాత్ర మింగలేదని మా ఆయన కొత్తగా చేరినవాళ్లందరికీ అతన్ని చూపించేవారు. అతని దిండు గలీబు మార్చినప్పుడు ఒక మూల నమిలేసి ఉందని పెద్ద సిస్టర్ నాకు చెప్పింది. ఆ మాట కమిటీలో చెప్పవమ్మా అంటే, "ఆ వార్డుకి రేపు మళ్లీ డ్యూటీకి వెళ్లాల్సింది నేను మేడమ్" అంది.

సరేనండీగారు ఇద్దరి మాటలకీ సరేనన్నారు. ఏదీ తేలలేదు. అప్పుడు మా ఆయన బల్ల మీద చెయ్యేసి, "వచ్చే వారం మా అమ్మకే మోకీలు మార్పిడి చేస్తున్నాను. నా వార్డులో, నా పద్ధతిలోనే. చూసి, అప్పుడు రాసుకోండి మీ రూల్సు" అని ప్రకటించారు.

"ఒక్క మనిషిని చూసి రూలు రాయకూడదు. అందులోనూ మీ అమ్మని చూసి అసలు రాయకూడదు" అన్నాను. అధ్యక్షులవారు నా మాటకీ సరేనని సమావేశం ముగించారు.

నా భయమంతా మా అత్తయ్య గురించే. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. విజిల్ ఇప్పటికీ తాళాల గుత్తికి వేలాడుతూ ఉంటుంది. భోజనానికి పిలిచాక ఎవరైనా ఆలస్యం చేస్తే ఊదుతుంది. మొన్నమొన్నటి దాకా పొద్దున్నే మైదానంలో నడకకి వెళ్తే ఆవిడ ముందు, తోటివాళ్లంతా వెనక. మోకాలు అరిగిపోయి ఏళ్ల తరబడి కుంటినా ఆపరేషన్ మాటెత్తనిచ్చేది కాదు. ఒకరోజు పక్కింటి హెడ్మాస్టరమ్మ ఆవిడని దాటుకుని ముందుకెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే కొడుకుని పిలిచి, "కోసెయ్యరా" అంది.

మోకీలు మార్చడం ఎంత పనో తర్వాత దాన్ని వంచడం అంతకన్నా పెద్ద పని. మొదటి రోజుల్లోనే వంచి, నడిచి దారిలో పెట్టకపోతే కీలు బిగుసుకుపోతుంది. మళ్లీ మత్తిచ్చి బలవంతంగా విరిచినట్టు వంచాల్సి వస్తుంది. అప్పుడైనా పూర్తిగా వంగుతుందని నమ్మకం లేదు. నొప్పి తగ్గితేనే మనిషి వంచుతుంది. మా అత్తయ్యేమో పందెం ఉందని తెలిస్తే ప్రాణం పోయినా మాత్ర అడిగే రకం కాదు.

"ప్రత్యేకం గది తీసుకుందాం అత్తయ్యా" అన్నాను, కనీసం పందెం నుంచి తప్పిద్దామని.

"గదిలో ఒక్కదాన్నే పడుంటే ఎవరు చూస్తారే?" అంది ఆవిడ.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆ మాట ఒప్పుకుని తీరాలి, మా ఆయన చేతిలో పనితనం ఉంది, నోట్లోనే తేడా. ఆపరేషన్ కోసం నరం దగ్గర వేసిన మత్తు ఉన్నంతసేపూ ఆవిడ కులాసాగా పక్క మంచాలవాళ్లకి వ్యాయామం మీద ఉపన్యాసం ఇచ్చింది. మర్నాడు మత్తు దిగింది. నేను వెళ్లేసరికి రెండు మడమలూ కలిపి, చేతులు పక్కలకి బిగించి, పడుకునే అటెన్షన్‌లో ఉంది. నుదుటి నిండా చెమట.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"సున్నా" అంది, పళ్ల సందు నుంచి.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి మోకాలు వంచమంటే "రేపు" అంది. ఆ రేపు వచ్చాక మళ్లీ "రేపు" అంది. నేను మాత్రలు చేతిలో పెడితే, అవతలి వరసలో లారీ డ్రైవరు చూస్తున్నాడని వెనక్కి నెట్టేసింది. మా ఆయన రౌండ్సుకి వచ్చి, మంచం దగ్గర ఆగి, ఛాతీ ఇంత చేసుకుని, "మా అమ్మండీ! ఒక్క మాత్ర అడగలేదు! శభాష్ అమ్మా!" అన్నారు. వార్డు వార్డంతా చప్పట్లు కొట్టింది. మా అత్తయ్య కళ్లు మూసుకుని ఆ చప్పట్లని మందులా మింగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆపరేషన్ గది బయట చేతులు కడుక్కునే తొట్టి దగ్గర పట్టుకున్నాను ఆయన్ని. మోచేతులదాకా సబ్బు నురగతో ఉన్న మనిషి ఎటూ పారిపోలేడు.

"మీ అమ్మ మోకాలు వంచట్లేదు."

"వంచుతుంది. అమ్మ సంగతి నీకు తెలీదు."

"నొప్పికి భయపడి వంచట్లేదండీ."

"సున్నా అని చెప్తోంది కదా!"

"పడుకుంటే సున్నాయే. నిద్రపోయేటప్పుడు నేను కూడా మీకు ఎదురు చెప్పను. అంతమాత్రాన నేను మీ మాట వినే పెళ్లాన్నా?"

"అడిగితే ఇస్తాను కదే! వద్దన్నానా నేను?"

"అడిగితే మీ శభాష్ పోతుంది. అది పోతుందనే ఆవిడ అడగట్లేదు."

ఆయన చేతులు రుద్దుకోవడం ఆపేశారు. "అమ్మకి నా శభాష్ ఎందుకు?" అన్నారు. నిజంగానే అర్థం కానట్టు చూశారు. కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. నాతో కాదన్నట్టు నీళ్ల వైపే చూస్తూ చెప్పుకొచ్చారు.

"చిన్నప్పుడు బడి గ్రౌండ్‌లో తాడెక్కుతూ పడ్డాను. మోచెయ్యి విరిగింది. అమ్మే డ్రిల్లు టీచరు. వరసలో పిల్లలందరూ చూస్తున్నారు. ఏడుస్తుంటే, ఏడుపు ఆపితేనే ఆసుపత్రికి అంది. ఆపేశాను. దారి పొడుగునా ఒక్క చుక్క రానివ్వలేదు. శభాష్ అంటుందేమో అని అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నాను."

"అందా?"

"అంది. నన్ను మోసుకొచ్చిన ప్యూనుని."

నాకు నవ్వొచ్చింది. ఆ విరిగిన చెయ్యి పట్టుకున్న పిల్లాడి మీద ఎంత జాలేసిందో, వాడు పెరిగి పెద్దై వార్డంతటి చేతా దిండ్లు నమిలిస్తున్నందుకు అంత కోపమూ వచ్చింది. రెండూ కలిపి ఒకే గుక్కలో అనేశాను.

"మీకు దొరకనిది ఊరంతటికీ పంచిపెడుతున్నారు, బాగానే ఉంది. కానీ వాళ్లు దానికి బదులుగా కాళ్లు ఇచ్చుకుంటున్నారండీ. ఇప్పుడు మీ అమ్మ కూడా ఇచ్చుకుంటోంది. రేపు కమిటీ ఏం రాసినా నాకు అనవసరం. ఆవిడ ఆ మైదానంలో నడవాలి."

ఆయన చేతులు మళ్లీ మొదటి నుంచీ కడుక్కున్నారు.

మర్నాటి రౌండ్సుకి నేనూ వెనకే వెళ్లాను. ఒక్కో మంచం దగ్గరా ఆయన ఏదో చూస్తున్నారు, రాస్తున్నారు, శభాష్ మాత్రం రావట్లేదు. వార్డులో గుసగుసలు మొదలయ్యాయి. లారీ డ్రైవరు తన వంతు శభాష్ రాకపోయేసరికి బిక్కమొహం వేశాడు. మా అత్తయ్య మంచం వచ్చింది. ఆవిడ అప్పటికే జుట్టు దువ్వించుకుని సిద్ధంగా ఉంది.

"మోకాలు వంచమ్మా" అన్నారు ఆయన.

"రోజూ అడిగేది ముందు అడుగు."

"అది తర్వాత. ముందు వంచు."

ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది, అంతా నా పన్నాగమే అన్నట్టు. తర్వాత మంచం అంచులు రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మడమని తన వైపు లాక్కుంది. కాలు ఇంచీ కదిలిందో లేదో, "అమ్మా!" అని అరిచింది. జీవితమంతా మైదానాలు దద్దరిల్లేలా అరిచిన గొంతు అది. నడవాలోంచి స్ట్రెచర్ తోసుకుపోతున్న మనిషి కూడా ఆగిపోయాడు.

 ఆవిడ మొహం గోడ వైపు తిప్పేసుకుంది. ఎప్పుడూ ఏ పేషెంటు మంచం మీదా కూర్చోని మా ఆయన, ఆ మంచం అంచున కూర్చున్నారు.

"ఎంతమ్మా? పడుకున్నప్పుడు కాదు, ఇప్పుడు వంచినప్పుడు. పదికి ఎంత?"

"ఇంతమంది ముందు అడుగుతావేంరా?"

"ఇంతమంది ముందే అడుగుతాను. ఎంత?"

"ఆరు."

"నిజం చెప్పమ్మా."

"పదిరా! పది! చచ్చిపోతున్నాను! ఏదో ఒకటి ఇవ్వరా, నీకు పుణ్యముంటుంది!" అని ఆవిడ భోరుమంది. డ్రిల్లు టీచరు ఏడవడం నేను అప్పటిదాకా చూడలేదు. కొడుకు కూడా చూసి ఉండడు. ఆయన వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నారు కానీ పట్టుకున్నాక ఆ చెయ్యిని ఏం చేయాలో తెలియలేదు పాపం, నాడి చూస్తున్నట్టు అలాగే పట్టుకుని ఉండిపోయారు.

అప్పుడు కిటికీ పక్క నుంచి సన్నగా ఒక గొంతు లేచింది. "డాక్టరుగారూ... నాది కూడా పదేనండీ. మొదటి రోజు నుంచీ." లారీ డ్రైవరు. అంతే, ఆనకట్ట తెగింది. "నాది ఎనిమిదండీ!" "నాది తొమ్మిది!" "దగ్గితే ప్రాణం పోతోంది సార్!" వార్డంతా వేలంపాటలా అయిపోయింది. ఒకాయన పదమూడన్నాడు. పెద్ద సిస్టర్ మందుల బండి తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది, ఆవిడ మొహంలో పండగ కనబడింది.

మా అత్తయ్యకి మాత్రలు వేళకి పడ్డాయి, నరం దగ్గర మళ్లీ సూది పడింది. సాయంత్రానికి వ్యాయామం చేయించే అమ్మాయి చేతిలో మోకాలు మొరాయిస్తూనే వంగడం మొదలెట్టింది. తర్వాత ఇక ఆవిడని పట్టుకునేవాళ్లు లేరు. కిటికీ దాకా ఎవరు ముందు నడుస్తారని లారీ డ్రైవరుతో పందెం కాసింది. మాత్ర పది నిమిషాలు ఆలస్యమైతే విజిల్ ఊదింది. ఆ విజిల్ గోల భరించలేక పక్క వార్డు సిస్టర్లు కూడా మందులు వేళకి ఇవ్వసాగారని విన్నాను. దీనికి మాత్రం నా దగ్గర ఆధారం లేదు.

కమిటీలో రూల్సు ఓటుకి పెట్టినప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది మా ఆయనే. గంటల తరబడి పరిశోధనలు చదివి వినిపిస్తే కదలని మనిషి, వాళ్లమ్మ ఒక్క కేకకి కదిలారు. ఒక్క మనిషి కేక ఆధారం కాదని చెప్పింది నేనే కాబట్టి, కాగితం మీద పరిశోధనల పేర్లే రాశాను. వాటి కింద, ఆసుపత్రి వరకూ ఒక అదనపు రూలు చేర్చమని మా ఆయన అడిగారు. నొప్పి ఓర్చుకున్నందుకు ఎవరినీ మెచ్చుకోకూడదని. సరేనండీగారు ఈసారి వెంటనే సరేననలేదు, కాసేపు ఆలోచించి అప్పుడు సరేనన్నారు.

ఇలాంటి రూల్సు ఖాయం చేసేముందు ఒక పేషెంటుని కూడా పిలిచి అభిప్రాయం అడగాలి. ఆఖరి సమావేశానికి మా అత్తయ్య వచ్చింది. కర్ర ఉంది కానీ చంకలో పెట్టుకుని నడిచింది. మా ఆయన గబగబా లేచి, గోడకి ఆనించిన ఇనప మడత కుర్చీ తెచ్చి ఆవిడ కోసం విప్పబోయారు. కుర్చీ టక్కున విచ్చుకుంది, ఆయన బొటనవేలు మడత సందులో పడింది.

"ఏం లేదు, ఏం లేదు" అన్నారు వెంటనే, చెయ్యి వెనక్కి దాచుకుంటూ. మొహం నల్లబడిపోయింది. అందరం లేచాం. మా అత్తయ్య కూర్చోలేదు. కర్ర బల్లకి ఆనించి కొడుకు ఎదురుగా నిలబడింది.

"ఎంతరా?"

"ఏం లేదమ్మా, చిన్న దెబ్బ. కూర్చో నువ్వు."

"అడిగింది చెప్పు. పదికి ఎంత?"

ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. తర్వాత వాళ్లమ్మని చూశారు. "ఏడు" అన్నారు.

"కదిపితే?"

ఆయన దాచుకున్న చెయ్యి ముందుకు తెచ్చి, వేలు కొంచెం కదిపారు. "తొమ్మిదమ్మా" అన్నారు.

"శభాష్" అంది మా అత్తయ్య.

ఎముకల సర్జన్, ఆ వయసు మనిషి, కమిటీ ముందు నిలబడి బొటబొటా కన్నీళ్లు కార్చేశారు. మందుల స్టోరాయన కంగారుపడి ఐస్ కోసం పరుగెత్తాడు. సరేనండీగారు "బాగా నలిగినట్టుందండీ" అని నొచ్చుకున్నారు. పెద్ద సిస్టర్ ఎక్స్‌రే తీయిద్దామా వేలికి అని అడిగింది. నేను ఐస్ గుడ్డలో చుట్టి, వేలికి పెట్టి పట్టుకుని, "అవునండీ, బాగానే నలిగింది" అన్నాను.